కంకిపాడు వడలు, తెల్ల పొడి డబ్బా

కార్తీకమాసం ఆఖరి సోమవారం నాడు మైలవరం నుంచి కంకిపాడు వెళ్ళాను. పుణ్యం కోసం కాదు, నిఘా కోసం.

బావగారి గుండె ఆపరేషన్ గట్టెక్కితే, ఆ సోమవారం ఉపవాసం ఉన్నవాళ్ళకు తన చేత్తో సగ్గుబియ్యం వడలు పెడతానని విజయవాడలో ఉండే మా అక్కయ్య మొక్కుకుంది. బావగారు గట్టెక్కారు. ఈలోగా అక్కయ్య జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కుడిచేత్తో వడ్డించగలదు గానీ వడలు తట్టలేదు. దాంతో కంకిపాడులో ఉపవాసం వడలు చేసిపెట్టే సుజాత గారికి పురమాయించింది. అప్పట్నుంచీ అక్కయ్యకు నిద్ర లేదు. పిండిలో చిటికెడు బియ్యప్పిండి కలిసినా అన్నం తిన్నట్టే. అంతమంది ఉపవాసం చెడుతుంది, మొక్కూ మట్టిలో కలుస్తుంది.

"నీకు నీ నీడ మీదే నమ్మకం లేదు కదరా. నువ్వే వెళ్ళి దగ్గరుండి చేయించు" అంది ఫోనులో. నేను ముప్పయ్యేళ్ళు ఆడిట్ సెక్షన్లో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఆ మాటను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఉదయం ఆరింటి బస్సెక్కితే ఎండ ముదరకముందే విజయవాడ చేరుకోవచ్చు. నేనూ ఉపవాసమే. నక్షత్రం కనబడేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను. విజయవాడ బస్టాండులో నా పక్కన విభూతి రేఖలు పెట్టుకున్న ఒకాయన పొట్లం విప్పి ఇడ్లీలు తింటున్నాడు.

"ఉపవాసమండీ, అన్నం ముట్టను" అన్నాడు నా చూపు కనిపెట్టి. ఇడ్లీరవ్వ బియ్యంతో కాక బఠాణీలతో చేస్తారు కాబోలు!

కంకిపాడు మీదుగా వెళ్ళే బందరు బస్సులోనూ ఆయనే పక్కన కూర్చున్నాడు. నేను వెళ్ళే పని విని, "కంకిపాడు వడలా? బ్రహ్మాండంగా కరకరలాడతాయండీ. అయినా బియ్యప్పిండి పడకుండా ఆ కరకర ఎట్టా వచ్చిద్దండీ?" అన్నాడు. అంతే, నా కడుపులో ఆకలి పోయి అనుమానం కూర్చుంది. పోరంకి దాటాక రోడ్డు పక్కన కోతకొచ్చిన వరిచేలు చూసినా నాకు బియ్యప్పిండే గుర్తొచ్చింది.

కంకిపాడు సెంటర్లో దిగి మార్కెట్టు వెనక సందులోకి నడిస్తే సుజాత గారి ఇల్లు. ఎవరైనా చూపిస్తారు. వెళ్ళేసరికి వసారాలో గ్యాస్ పొయ్యి మీద మూకుడు ఎక్కించి ఉంది. నానిన సగ్గుబియ్యం, ఉడికించిన బంగాళాదుంపలు, వేయించి దంచిన వేరుశనగపప్పు, పచ్చిమిర్చి, జీలకర్ర, సైంధవలవణం. అన్నీ వాసన చూశాను. అంతలో ఆవిడ పొయ్యి కింద నుంచి ఒక డబ్బా తీసి, గుప్పెడు తెల్ల పొడి పిండిలో చల్లింది.

"ఏమిటది?" అని లేచి నిలబడ్డాను.

"సగ్గుబియ్యమేనండీ. వేయించి ఆడించిన పొడి. తడి ఎక్కువైతే వడ నూనెలో పేలిపోద్ది. ఇది పడితే గట్టిగా నిలబడిద్ది."

తెల్లగా ఉంది. వేళ్ళ మధ్య రాశాను. బియ్యప్పిండి కూడా అలాగే ఉంటుంది.

"నేను ఉపవాసం. మీరు నోట్లో వేసుకుని చెప్పండి" అన్నాను.

"నేనూ ఉపవాసమేనండీ. నైవేద్యానికెళ్ళేది నేనసలు రుచి చూడను. ఉప్పు కూడా చేతి అంచనాయే. మీ అక్కగారు ఉపవాసం ఉన్నోళ్ళకేనా పెట్టేది?"

"వాళ్ళకే."

"ఖచ్చితంగా?"

ఆ ప్రశ్న కూడా నాకు అనుమానంగానే తోచింది. చాలాసేపు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. నమ్మితే అక్కయ్య మొక్కు ఏమవుతుందో తెలియదు. తేల్చుకోవాలంటే నా ఉపవాసం పోతుంది. చివరికి చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. జిగురుగా సాగింది. సగ్గుబియ్యమే. హమ్మయ్య అనుకున్నాను. వెంటనే సిగ్గేసింది.

సుజాత గారు నా వంక చూసి, వడలు వేయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి బుట్ట నిండింది. బయల్దేరుతుంటే చిన్న పొట్లం చేతిలో పెట్టి, "ఇది ఆ బుట్టలో కలపకండి. మీకు" అంది. నా నోరు మూయించడానికి లంచమా? ఏదో తేడా లేకపోతే కలపొద్దని ఎందుకంటుంది? సంచి అడుగున పడేశాను.

సాయంత్రం అక్కయ్య వాళ్ళ అపార్టుమెంటు మేడ మీద విస్తళ్ళు పరిచారు. "బియ్యప్పిండి లేదు" అన్నాను. అక్కయ్య ముఖం విప్పారింది. నక్షత్రం కనబడింది, నైవేద్యం అయింది. పొద్దున్నుంచీ ఆ వాసన మోసినవాణ్ణి, పరధ్యానంగా నేనూ వరసలో కూర్చున్నాను. అక్కయ్య నా విస్తరి దగ్గరికి వచ్చి వడ తీసింది. అప్పుడు చెప్పక తప్పలేదు.

"నాకొద్దే. పొడి రుచి చూశాను."

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకోసమేనని తెలుసురా. కానీ మొక్కు మొక్కే కదా" అని పక్క విస్తరిలో పెట్టింది. న్యాయమే. అయినా నాకు ఏడుపొచ్చినంత పనయింది.

తిరుగు ప్రయాణంలో మైలవరం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గొల్లపూడి దాటేసరికి ఆకలి నకనకలాడింది. సంచిలో చెయ్యి పెడితే పొట్లం తగిలింది. 'ఉపవాసం ఉన్నోళ్ళకేనా?' అని ఆవిడ గుచ్చి గుచ్చి అడగడం అప్పుడు గుర్తొచ్చింది. ఆ వరసలో నాకు వడ పడదని, నేను డబ్బా పట్టుకుని నిలబడ్డప్పుడే ఆవిడకు తెలిసిపోయింది.

పొట్లంలో రెండు వడలున్నాయి. అలవాటు కొద్దీ మొదటిది విరిచి, సెల్‌ఫోను వెలుగులో లోపలంతా వెతికాను. సగ్గుబియ్యం, వేరుశనగపప్పు, పచ్చిమిర్చి. రెండోది విరవకుండానే తిన్నాను.