గేరుపెట్టె కింద నా చెప్పులు

పోలీసు చర్య రోజులవి. బస్సులు ఆగిపోయాయి. చిట్యాలలో కిరాణా కొట్టు నడిపే మా నాయినకు పొద్దుటి నుంచి మూత్రం రాక కడుపు ఉబ్బింది. నల్లగొండ దవాఖానకు పోవాలంటే మా పాత కారే దిక్కు. దానికి ఆ వారమే ఖాసిం మేస్త్రీతో వేరే బండి గేరుపెట్టె వేయించాను.

బండి నడుపుతున్న మేస్త్రీ వేగం పెంచగానే వెనక చక్రాలను తిప్పే ఇరుసు దడదడలాడి సీటంతా వణికింది. "సచ్చిపోతున్న, కొడుకా, ఆపు!" అని నాయిన అరిచాడు. మెల్లగా పోతే సమయానికి చేరం. వేగంగా పోతే ఆయన తట్టుకోలేడు.

"గీ గేరుపెట్టె తోక కిందికున్నది, కింద తోలుబిళ్ళ పెట్టి ఎత్తాలె అని ఆనాడే చెప్పిన గద సేఠ్! దండుగ ఖర్చు అంటివి," అన్నాడు మేస్త్రీ.

"తప్పయింది భాయ్, ఇప్పుడు పెట్టు."

"తోలు యాడున్నది?"

నా కొత్త చెప్పులు విప్పి ఇచ్చాను. వాటిని కోసి గేరుపెట్టె కింద బిగించాడు. వణుకు తగ్గింది.

దవాఖానలో మూత్రం పోయే గొట్టం వేశాక నాయిన కండ్లు తెరిచి, నా వట్టి కాళ్ళు చూసి సంగతంతా అడిగాడు.

"గా తోలుబిళ్ళకు ఎంతడిగిండురా?"

"రెండణాలు."

"నా పానం గంత అగ్గువనా?"

నాకు బేరం నేర్పింది ఆయనే.