పెదవి కలిసే నెల

మా నర్సమ్మగారు పోయారని పోయిన మంగళవారం పొద్దున ఫిజీ హిందీ రేడియోలో చావు కబుర్లతో పాటు చదివారు. లంబాసాలో చెరకు కోతల రోజులు. విన్నవాళ్లు విన్నట్టే పొలంలో కత్తులు వదిలేసి వచ్చారు. ఇది చదివే మీలో కొందరు ఆమె చేతుల్లోనే పుట్టి ఉంటారు.

పుట్టిన బిడ్డను ఆమె చూసే తీరు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవారు. చిటికెన వేలితో అంగిలి తడిమి, బోర్లించి వెన్ను చూసి, పాదాలు వంకరున్నాయేమోనని తిప్పి చూసేవారు. "పైకి కనబడే లోపాలే కాదు, గుండెలో చిల్లు కూడా ఉండొచ్చు" అంటూ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వినేవారు.

మా పెద్దాడు గ్రహణం మొర్రితో పుట్టాడు. పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది. గ్రహణం నాడు నేను చేప కోసిన మాట నిజమే. అందుకే ఇలా పుట్టాడని అత్తగారు ఊరంతా టముకు వేశారు. నేనూ నమ్మాను. వాడి మొహం మీద గుడ్డ కప్పి ఏడుస్తూ కూర్చునేదాన్ని.

మూడో రోజు నర్సమ్మగారు వచ్చి ఆ గుడ్డ లాగేశారు. "కాహే బేటీ, మొహం ఎందుకు కప్పావు?"

"గ్రహణం టైములో కత్తి పట్టింది. నేను చెప్తే వింటేనా, సునా నై" అన్నారు అత్తగారు.

"అప్పటికి ఎన్నో నెల, కాకీ?" అని నర్సమ్మగారు అత్తగారినే అడిగారు.

"ఏడు."

"పెదవి రెండో నెలలోనే కలవాలి. ఇది అప్పుడే కలవలేదు. కొందరికి ఇంట్లో వరసగా వస్తుంది, కొందరికి మందుల వల్ల. చాలామందికి ఎందుకొచ్చిందో డాక్టరుకే తెలీదు. ఈ పిల్ల గల్తీ ఏం లేదు, ఏ తప్పూ చెయ్యలేదు."

అత్తగారు విసురుగా లేచి వెళ్లిపోయారు. నర్సమ్మగారు బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, పిండిన చనుబాలు చెంచాతో పట్టడం నేర్పారు. కొన్ని నెలలకు సువా పెద్దాసుపత్రికి ఓడలో మాతో వచ్చి పెదవి కుట్టించారు. ఇప్పుడు వాడు బస్సు డ్రైవరు. నోరు మూస్తే ఒట్టు.

అయినా అత్తగారు ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇన్నేళ్లూ అది నన్ను గుచ్చుతూనే ఉంది.

మొన్న శవం దగ్గర నర్సమ్మగారి చెల్లెలు చెప్పింది. "అక్క మొదటి బిడ్డ వెన్ను తెరుచుకుని పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. అత్తింట్లో అందరూ అక్కనే అన్నారు. నీ గల్తీ కాదని ఒక్కరూ చెప్పలేదు. తర్వాతే నర్సు ట్రైనింగుకు పోయింది."

మాకెవరికీ ఈ సంగతి తెలీదు. నా పక్కనే కూర్చున్న అత్తగారు, ఎనభై దాటిన మనిషి, నా వైపు చూడలేదు. తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నారు. శవం పెట్టె ఎక్కించిన వ్యాను మలుపు తిరిగేదాకా వదల్లేదు.