పది అయ్యేదాకా

పంజాగుట్ట నుంచి నడిచొచ్చి, అమీర్‌పేటలో ఒక బట్టల దుకాణం తలుపు దగ్గర రోజంతా నిలబడతాడు బాలనర్సు. చితికిన ముక్కు, ముద్దకట్టిన ఎడమ చెవి, పొట్ట దగ్గర బిగిసిన సెక్యూరిటీ చొక్కా. ఒకప్పుడు రాష్ట్రానికి పతకాలు తెచ్చిన బాక్సర్. ఎన్నిసార్లు పడినా లేచేవాడు. ప్రొఫెషనల్ అయ్యాక మాత్రం, ఎదుగుతున్న కుర్రాళ్ల చేతిలో ఓడిపోవడానికే పిలిచేవాళ్లు. పడ్డాక రిఫరీ పది లెక్కపెట్టేదాకా లేవకూడదు, అదీ ఒప్పందం. ఏడేళ్లు అదే బతుకు.

నిన్న మెట్లకు అడ్డంగా ఉన్న బైకు తీయమన్నందుకు ఒకడు అతన్ని ఛాతీ మీద తోశాడు. బాలనర్సు గడ్డం లోపలికి లాక్కుని, తల నేలకు తగలకుండా నేర్పుగా వెల్లకిలా పడ్డాడు. సేల్స్‌లో పనిచేసే మధులత పరుగెత్తుకొచ్చింది.

"లే అన్నా! దెబ్బ తాకిందా?"

అతను కళ్లు తెరవలేదు.

"ఐదు... ఆరు... జర ఆగు చెల్లె, పది కానీ."