తీర్పులో లేని తొమ్మిది రోజులు

ఈ వ్యవహారంలో నిశ్చయంగా తెలిసినవి కొన్నే. రెండేళ్ల కిందట హైకోర్టు నన్ను అమికస్ క్యూరీగా, అంటే కక్షిదారు తరఫున కాక కోర్టుకు సహాయంగా, నియమించింది. పిటిషనర్ యాదగిరి శిక్ష పడిన ఖైదీ. న్యాయవాది వద్దని తానే పిటిషన్ రాసుకున్నాడు. జైల్లో తనను ముప్పై ఒక్క రోజులు ఒంటరి గదిలో ఉంచారన్నాడు. ఏడు రోజులేనని జైలు అధికారులు కౌంటర్ అఫిడవిట్‌లో, అంటే ప్రమాణం చేసి ఇచ్చిన జవాబులో, అన్నారు. అతని నేరం గురించి ఫిల్మ్‌నగర్‌లో నేను విన్నదంతా వినికిడి. దాన్ని పక్కన పెట్టాను.

జూబ్లీహిల్స్‌లోని మా ఆఫీసులో, అతను పిటిషన్‌కు జతచేసిన జైలు నోటుబుక్కు నకలు పరిశీలించాను. అరెస్టుకు ముందు అతను సినిమాల్లో కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్. ఒక షాటుకూ మరో షాటుకూ తేడా రాకుండా ప్రతి వస్తువు స్థానమూ రాసిపెట్టడం ఆ పని. జైల్లోనూ అదే చేశాడు. పదకొండింటికి జైలు గంట మోగగానే, కిటికీ ఎండ గోడమీద ఏ ఇటుకపై ఎన్ని వేళ్ల దూరంలో ఉందో రోజూ రాశాడు. మనిషి ప్రస్తావన ఒక్కచోటా లేదు.

నేను లా చదవకముందు ఫిజిక్స్ చదివాను. ఎండ రోజురోజుకూ కొద్దిగా జరగాలి; అతని లెక్కలోనూ జరిగింది. మధ్యలో తొమ్మిది రోజులు మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

జైలుకు వెళ్లి అడిగాను. “యాదగిరి గారూ, ఈ తొమ్మిది రోజులు సూర్యుడు ఆగిపోయాడా?”

అతను నవ్వాడు. “మా డైరెక్టర్ కంటే మీరే ఘోరం మేడం. ఆయన హీరో చేతిల గ్లాసు జూస్తుండె, మీరు సూర్యున్నే జూస్తున్నరు.”

“చూసి రాశారా, లేదా?”

“ఆ రోజులు యాదికి లేవు. మధ్యల గ్యాప్ ఉంటే సీన్ జంప్ అయితది గద. ముందు రోజుది జూసి నింపిన.”

అఫిడవిట్ చివర వెరిఫికేషన్ అనే పేరా ఉంటుంది: స్వయంగా ఎరిగినదేదో, ఇతరుల ద్వారా తెలిసినదేదో విడదీసి ప్రమాణం చేయాలి. అతను అంతా స్వయంగా ఎరిగినదేనని ప్రమాణం చేశాడు. ఒక్క రోజు కల్పితమని తేలినా మిగతావీ కూలిపోతాయి. ఆ తొమ్మిది రాతలూ కొట్టేయమన్నాను.

“కొట్టేస్తే గా తొమ్మిది రోజులు నేను యాడ ఉన్నట్టు?” అన్నాడు. “పరిహారం గిట నాకొద్దు మేడం. ఒక్కన్నే ఉన్నన్ని రోజులు కోర్టు కాగితం మీద ఉండాలె. నన్ను జూసినోడు ఎవ్వడూ లేడు.”

“తెలియదని రాయండి. నిజం అదే.”

ఆ తొమ్మిది రోజులు తనకు తెలియవంటూ తన చేత్తోనే అదనపు అఫిడవిట్ రాశాడు. వీడియోలో జరిగిన విచారణలో జడ్జిగారు, “ఎందుకు నింపావు?” అని అడిగారు.

“పనిల అలవాటు సార్. తప్పైంది.”

పిటిషన్ కొట్టేయాలని ప్రభుత్వ న్యాయవాది కోరారు. కోర్టు అంగీకరించలేదు. ఎండ మళ్లీ అదే చోట పడే నెల వచ్చేదాకా ఆగి, కోర్టు పంపిన ఒక అధికారి ఆ ఒంటరి గదిలో గంట వేళకు ఎండను కొలిచారు. ఇరవై రెండు రోజుల రాతలు సరిపోయాయి. అన్ని రోజులూ అతను ఒంటరి గదిలో ఉన్నాడని కోర్టు ప్రకటించింది.

నేను తీర్పు చదివి వినిపిస్తే, “ఇర్వై రెండు,” అని తనలో తాను అనుకున్నాడు యాదగిరి. మిగతా తొమ్మిది గురించి నన్నేమీ అడగలేదు.

సాక్ష్యంలో ఖాళీ ఉంటే బలహీనమని నేర్చుకుని వచ్చినదాన్ని. ఇక్కడ ఖాళీని ఒప్పుకున్నాకే మిగతాది నిలబడింది. అయినా ఒక ప్రశ్న తేలలేదు. ఆ ఖాళీకి ముందూ తర్వాతా ఎండ జరిగిన దూరాన్ని బట్టి తొమ్మిది రోజులు గడిచిన మాట వాస్తవం. అప్పుడు అతనెక్కడ ఉన్నాడు? జైలు రిజిస్టర్‌లో లేదు, ఆస్పత్రి పుస్తకంలో లేదు, అతనికి గుర్తు లేదు. అడగడానికి ఇంకో మనిషి లేడు.