గుడ్డ కింది హోమ్ థియేటర్

తెలంగాణ ఉద్యమం రోజులు. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్లం. మా ఓనరు యాదగిరి గారిది పోచంపల్లి. ఓ బంద్ రోజు వాళ్ల టీవీ పాడై, వార్తలు చూద్దామని మా ఇంటికొచ్చారు.

మా టీవీలో బొమ్మే వస్తుంది, మాట హోమ్ థియేటర్‌లోంచి రావాలి. దాని రిమోట్ పాడైందని పారేసి, ఎల్బీనగర్‌లో యూనివర్సల్ రిమోట్ కొన్నాను. దాంతో ఇచ్చిన దిక్కుమాలిన పుస్తకం నిండా చీమల్లాంటి అంకెలు. మా కంపెనీ పేరు కిందే నలభై కోడ్లు. ఒక్కోటీ నొక్కుతూ, ఆ కంపెనీవాళ్లను తిడుతూ గంటసేపు కూర్చున్నాను. తెరమీద నాయకులు మూగగా చేతులూపుతున్నారు.

"మా మాటలు మీ ఇంట్ల వినపడవా ఏంది సార్?" అన్నారాయన, నవ్వకుండా. నేను గబగబా తర్వాతి కోడ్ నొక్కాను.

ఆయనే లేచి, హోమ్ థియేటర్ మీద కప్పిన మందపాటి ఇక్కత్ గుడ్డ పైకెత్తారు.

"జర ఇప్పుడు నొక్కుండ్రి."

మళ్లీ మొదటి కోడ్ నొక్కాను. నినాదాలతో ఇల్లు దద్దరిల్లింది.

దసరాకు వాళ్లావిడ పెట్టిన గుడ్డే అది. వాళ్లొస్తే కనబడాలని మా ఆవిడ హోమ్ థియేటర్ మీద కప్పింది. తిట్టిన తిట్లన్నీ ఎవరికి చెందాలో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. పాత రిమోట్ "పాడైంది" కూడా ఆ గుడ్డ కప్పిన రోజే.