నగల స్టాండ్లకు నేను చేసిన బాగు

మీ ఇంట్లో ఏదైనా వస్తువు చెడిపోతే మీరు మొట్టమొదట ఎవరి మొహంలోకి చూస్తారు? పక్కింటివాళ్ల మొహంలోకా, పనిమనిషి మొహంలోకా, ఆకాశంలో ఎక్కడో తన దారిన తాను తిరుగుతున్న శనిగ్రహం మొహంలోకా? నిజం చెప్పండి, ఒక్కసారైనా అద్దంలోకి చూశారా?

నేను చూడలేదు. ఫలితంగా సత్తుపల్లి బజారులో మా బావ కొట్టు పరువు వారం రోజుల్లో బొగ్గయింది. ఆ ఘోరం చెబుతాను, నవ్వుకోండి. అయితే మొత్తం నవ్వు ఇప్పుడే ఖర్చు చేయకండి, చివర్లో మీకు పని చెప్పబోతున్నాను.

రెండువేల దశకం నడుస్తున్న రోజులు. నాకు ఇరవై ఆరేళ్లు. మధిర నుంచి నేలకొండపల్లి దాకా ఎక్కడ మైకు దొరికితే అక్కడ మూఢనమ్మకాల మీద మాట్లాడేవాణ్ని. మైకు దొరకని రోజు బస్సులో మాట్లాడేవాణ్ని. కండక్టర్లు నాకు టికెట్ కొట్టి, చిల్లర కూడా లెక్క చూసుకోకుండా వెనక సీట్లకు పారిపోయేవారు.

మా అక్క సుగుణను సత్తుపల్లిలో ఇచ్చారు. బావ వీరభద్రానిది చిన్న నగల కొట్టు. బంగారం పై అరలో నాలుగు వరసలు, కింద అన్ని అరల్లోనూ వెండే. పట్టీలు, మట్టెలు, మొలతాళ్లు, గొలుసులు. అడవి వైపు ఊళ్ల నుంచి సంతకు వచ్చేవాళ్లూ, బొగ్గు గని కాలనీ వాళ్లూ కొనేది అదే.

ఆ ఏడు పెళ్లిళ్ల ముందు ఎండాకాలంలో అక్కను చూడ్డానికి వెళ్లాను. షోకేసులో గొలుసులు వేసే మెడబొమ్మలూ, పట్టీలు చుట్టే దిమ్మెలూ చూసి నాకు జాలేసింది. వాటి ఎర్ర వెల్వెట్టు గజ్జి పట్టిన కుక్క వీపులా అక్కడక్కడా ఊడిపోయింది. లోపలి స్పాంజి పొడయిపోయి భుజాలు కుంగాయి. ఒక్కొక్క మెడబొమ్మ టైఫాయిడ్ నుంచి లేచిన మనిషిలా ఉంది. అంత నీరసంగా ఉన్న మెడలో హారం వేస్తే ఎవరు కొంటారు?

"బెజవాడ పోయి కొత్తయి తెస్త," అన్నాడు బావ.

"ఎందుకు బావా? చెక్క గట్టిగానే ఉంది. నేను బాగు చేస్తా."

"నువ్వా? నీకు మాట్లాడుడు తప్ప ఏమొస్తది బామ్మర్దీ?"

"ఆలోచించుడు వస్తది."

"నా భయం గదే."

అయినా సరే, ఒప్పించాను. నేనొక మనిషిని ఒప్పించడం మొదలుపెడితే అతను ఒప్పుకునేది నా వాదం విని కాదు, ఆపించడానికి. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

వెల్వెట్టు నేనే తెచ్చాను. నల్లది. విప్పగానే బావ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నగల కొట్టుల నలుపా? మీ అక్క తోడబుట్టినోడివని ఊకుంటున్న."

"బావా, చుక్కలు పగలెందుకు కనపడవు? వెనక నలుపు లేక! వెండి మెరవాలంటే నలుపే ఉండాలి. నలుపు అశుభమైతే నీ మీసం సంగతేంది?"

మీసం దువ్వుకుని ఊరుకున్నాడు. ఒక మూఢనమ్మకాన్ని నేలకూల్చానని నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇక లోపల కూరడానికి స్పాంజి. స్పాంజి నాకు నచ్చలేదు. నాలుగేళ్లకు పొడయ్యే సరుకు మళ్లీ ఎందుకు? పాత సామాన్ల కొట్లో, గనిలో బొగ్గు మోసే బెల్టు ముక్కలు కనిపించాయి. నల్లటి, దిట్టమైన రబ్బరు. అనుకున్నాను కదా, స్పాంజి మూఢనమ్మకం లాంటిది, ఒత్తితే కుంగుతుంది. రబ్బరు తర్కం లాంటిది, ఒత్తినా తిరిగి లేస్తుంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఒకాయన. నేను రోకలి బదులు రబ్బరు చుట్టాను, అది కూడా నా తలకు కాదు, బావ కొట్లో ఉన్న ప్రతి స్టాండుకూ. పొరలుగా చీల్చి, చెక్కకు బిగించి, పైన వెల్వెట్టు లాగి మేకులు కొట్టాను.

"ఏదో వాసనొస్తందిరా తమ్ముడూ," అంది అక్క.

"కొత్త వస్తువు వాసన అక్కా."

రెండు రోజుల్లో షోకేసు నిండింది. అద్దం తలుపులు మూసి లోపల బల్బులు వెలిగిస్తే, నల్ల వెల్వెట్టు మీద వెండి నిజంగానే చుక్కల్లా మెరిసింది. బావ నోటి నుంచి "పర్వాలేదయ్యా" అన్న మాట రాలింది. ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను దిమ్మెలకు బట్ట బిగించగానే పండగ చేసుకున్నాను, రెండు ప్లేట్ల మిర్చిబజ్జీలతో.

మూడో రోజు బావ పిలిచాడు. "ఇటు రా. ఈ పట్టీలకేంది, కామెర్లా?"

నిజమే. వెండి పచ్చబడింది. నాలుగో రోజుకు గోధుమరంగు. ఐదో రోజుకు నెమలికంఠం రంగు, అందంగానే ఉంది, వెండి మీద తప్ప ఎక్కడున్నా మెచ్చుకునేవాణ్ని. ఆ సాయంత్రానికి కాటుక. విచిత్రం ఏమంటే పై అరలో బంగారం మాత్రం చెక్కు చెదరలేదు.

"చెప్పిన గద, నలుపు వద్దని! నలుపు అంటింది," అన్నాడు బావ.

"రంగు అంటితే తుడిస్తే పోవాలె. తుడువు, పోతదా? పైన బంగారం కింద కూడా నల్ల బట్టే ఉంది, దానికెందుకు అంటలేదు? నీ అశుభం బంగారానికి మినహాయింపు ఇచ్చిందా?"

"ఎదురు కొట్టోళ్ల కండ్లు పడ్డయి," అంది అక్క.

"కండ్లకు వెండీ బంగారం తేడా తెలుస్తదా అక్కా?"

"మరి నువ్వే చెప్పరాదు, ఏందో?"

ఏం చెప్పను? నాకూ అంతు పట్టలేదు. కానీ తెలియదు అనే మాట ఆ వయసులో నా నిఘంటువులో లేదు. గని నుంచి వచ్చే బొగ్గు దుమ్ము అన్నాను. మరి వీధిలోని మిగతా కొట్ల వెండి తెల్లగానే ఉందేమని బావ అడిగాడు. బోరు నీళ్లు అన్నాను. షోకేసుకు ఎవరూ నీళ్లు పోయలేదని అక్క గుర్తు చేసింది. అప్పుడు నా చూపు మూలన పొగ వదులుతున్న సాంబ్రాణి గిన్నె మీద పడింది. దొరికాడు దొంగ!

"సాంబ్రాణి బావా! రోజూ పొద్దున ఈ పొగ! ఇదే నీ వెండిని మింగుతోంది!"

"మా తాత కాలం నుంచి ఏస్తున్నం. గప్పుడు నల్లగ కాలేదేంది?"

"గప్పుడు చూసుకోలేదు."

చూడండి, ఇది నేను ఇచ్చిన జవాబు! ఇదే జవాబు ఒక బాబాగారు ఇచ్చి ఉంటే మైకు ముందు ఆయన్ని ఉతికి ఆరేసేవాణ్ని. రెండు రోజులు సాంబ్రాణి ఆపించాను. వెండి ఇంకా నల్లబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు నయం. నేను నా భుజాలు తప్ప ఊళ్లో అందరి భుజాలూ తడిమాను.

సరిగ్గా అప్పుడు కరుణమ్మ వచ్చింది.

కరుణమ్మ భర్త గనిలో పని చేస్తాడు. కాలనీలో ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు వెండి ఎక్కడ కొనాలో ఆమెను అడిగి కొంటారు. ఆమె ఊ అంటే నలభై ఇళ్లు బావ కొట్టుకు వస్తాయి, ఊహూ అంటే ఎదురు కొట్టుకు పోతాయి. కూతురి పెళ్లి ఇంకా పది రోజులుందనగా, ముందే ఎంచి పెట్టిన పట్టీల కోసం వచ్చింది. చూసింది. చేతిలోకి తీసుకుని గోరుతో గీకింది.

"సేటూ, ఇది వెండా, సీసమా?"

"అక్కా, అసలు వెండి. కొట్టు మీద ఒట్టు."

"కొట్టు మీద ఒట్టు నాకెందుకు? మా పిల్ల ఇవి ఏసుకుని చర్చిల నడిస్తే పెళ్లికొడుకు తరఫోళ్లు ఏమంటరు? బొగ్గుబాయి పిల్లకు బొగ్గు పట్టీలు పెట్టిన్రు అంటరు. రేపు సాయంత్రం దాకా ఆగుత. ఎందుకు నల్లగయ్యిందో చెప్పు. సాకు చెప్పకు, కారణం చెప్పు. లేకుంటే ఈ కొట్ల సీసం కలుస్తదని మా కాలనీల చెప్తా."

బావ మొహం కూడా వెండిలాగే రంగులు మారింది. మూడు తరాల కొట్టు. ఆ ఒక్క మాట కాలనీకి చేరితే తలుపు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. నేను గొంతు సవరించుకుని ముందుకు వచ్చాను.

"అమ్మా, వాతావరణంలో జరిగే మార్పుల వల్ల..."

"సారూ, ఉపన్యాసం వద్దు. ఎన్నటి సంది నల్లగవుతంది?"

"వారం."

"వారం కింద కొట్ల ఏం మార్చిన్రు?"

ఇంత చిన్న ప్రశ్న. తార్కిక చింతన మీద గంటల తరబడి మాట్లాడిన నాకు వారమంతా తట్టని ప్రశ్న.

"స్టాండ్లకు బట్ట మార్చాం," అన్నాను.

"పైన బట్ట. లోపల?"

"రబ్బరు."

"ఏ రబ్బరు?"

"బొగ్గు బెల్టుది."

కరుణమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మా ఆయన గిట్లనే తెలివికి పోయి పెట్టె అడుగున బెల్టు ముక్క పరిచిండు, తడి తగలకుండ ఉంటదని. పండక్కి తీస్తే నా వెండి గొలుసు నల్లతాడయ్యింది. గంధకం ఉంటదంట గా రబ్బర్ల, బాయిల పెద్ద మనిషి చెప్పిండు."

గంధకం! రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారని నేను పదో తరగతిలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. గంధకం తగిలితే వెండి నల్లబడుతుందనీ, బంగారానికి ఏమీ కాదనీ రాశాను. ఆ రెండు వాక్యాలకు నా బుర్రలో ఎప్పుడూ పరిచయం కాలేదు.

"అంటే నల్ల బట్ట తప్పేం లేదా?" అన్నాడు బావ అనుమానంగా.

"చూస్తే పాయె. రెండు టిఫిన్ డబ్బాలు తే సేటూ," అంది కరుణమ్మ.

ఒక డబ్బాలో తెల్లటి మట్టె, నల్ల వెల్వెట్టు ముక్క. రెండో దాంట్లో దాని జత మట్టె, రబ్బరు ముక్క. రెండూ మూసి డాబా మీద ఎండలో పెట్టించింది. సత్తుపల్లి ఎండ సంగతి తెలుసు కదా, అది ఎవరి పక్షమూ కాదు. మర్నాడు సాయంత్రం ఆమె ముందే మూతలు తీశాం. వెల్వెట్టు డబ్బాలో మట్టె నవ్వుతోంది. రబ్బరు డబ్బాలోది ఏడుస్తోంది.

"నలుపు నిర్దోషి!" అని అరిచాను ఆనందం పట్టలేక.

"నలుపు సంగతి సరే, నీ సంగతేంది?" అంది కరుణమ్మ.

శిక్ష కూడా ఆమే వేసింది. పాలిష్ మొత్తం నేనే పెట్టాలి. పొద్దున తను కాలనీ ఆడవాళ్లను తీసుకొస్తుంది, వాళ్ల ముందు తప్పెవరిదో నా నోటితో నేనే చెప్పాలి. "మైకుల మాట్లాడేటోడివి గద, మైకు లేకుండ చెప్పు."

రబ్బరు పీకేశాను. దూది కూరాను. వెండి రుద్దడానికి బావ గల్లా కింద నుంచి ఒక పెద్ద పొట్లం తీసి నా ముందు పెట్టాడు. విప్పితే విభూది.

"వేరేది లేదా బావా?"

"వెండికి ఇంతకంటే మంచి పాలిష్ లేదు. రుద్దు."

కొట్టు అరుగు మీద కూర్చుని నలభై జతల పట్టీలు రుద్దాను. ఉక్క. చెమట కళ్లలోకి కారుతుంటే నుదురు తుడుచుకుంటూ రుద్దాను. కరుణమ్మ, వెనక పదిహేనుమంది ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. లేచి, నా జీవితంలోకెల్లా చిన్న ఉపన్యాసం ఇచ్చాను: "అమ్మా, వెండి మంచిదే. మా బావ మంచివాడే. తప్పు నాది. రబ్బరు పెట్టింది నేను."

ఆడవాళ్లు నవ్వారు. కరుణమ్మ తెల్లబడ్డ పట్టీలు కూతురి కోసం పొట్లం కట్టించుకుంది. ఆమె కట్టించుకోగానే మిగతా చేతులు షోకేసు వైపు సాగాయి. బావ ఊపిరి తీసుకున్న చప్పుడు నాకు వినిపించింది.

సరిగ్గా ఆ క్షణాన బస్సు దిగి ఇద్దరు యువకులు అరుగు ముందుకు వచ్చారు. నన్ను మూఢనమ్మకాల వ్యతిరేక సభకు పిలవడానికి ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల చూపు నా కళ్ల మీద లేదు, నుదుటి మీద ఉంది. నేను షోకేసు అద్దంలోకి చూసుకున్నాను. చెమట తుడుచుకున్న మూడు వేళ్ల గుర్తులు, అడ్డంగా, తెల్లగా, ఏ అర్చకుడూ అంత చక్కగా పెట్టలేడు.

"ఇది రసాయన శాస్త్రం!" అని అరిచాను.

పెద్దవాడు నిట్టూర్చాడు. "మొదట్ల అందరూ అట్లనే అంటరు సార్," అని, ఆహ్వానపత్రం జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

ఆనాడు, రెండు చేతుల నిండా బూడిదతో, గంధకం సాక్షిగా, టిఫిన్ డబ్బాలు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో, మరో జన్మ ఉందని నేను నమ్మను కాబట్టి ఈ ఒక్క దాంట్లోనే, తెలిసినవాళ్లను అడగకుండా ఏ వస్తువునూ బాగు చేయను. చేసినా, అది చెడితే సాంబ్రాణిని తిట్టను.

ఇక మీ పని. మీ బీరువాలో వెండి సామాను రబ్బరు బ్యాండు వేసి దాచిపెట్టారు, నాకు తెలుసు. ఈ కాగితం కింద పెట్టండి. లేవండి. వెళ్లి ఆ రబ్బరు తీసి పారేయండి. ఇప్పుడే!