రాకముందే వెళ్ళిపోయిన కృపామణి

పల్నాటిలో సున్నం లారీలు ఎక్కువగా తిరిగే ఒక ఊళ్ళో, మెయిన్ బజారు ఊడ్చే కృపామణికి పోయిన జూన్‌లో ఒక మెమో వచ్చింది. ఊరి పేరు చెప్పను. చెబితే మునిసిపల్ ఆఫీసు వాళ్ళు నొచ్చుకుంటారు. ఒకరిని నొప్పించడమే గాని తాము నొచ్చుకోవడం వాళ్ళకి అలవాటు లేదు. మెమోలో ఉన్నదిది: మే నెలలో ఇరవై ఆరు రోజులు పనికి రాలేదు, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే పనివాళ్ళ జాబితాలోంచి పేరు తీసేస్తాం.

మే నెలలో ఆదివారాలూ మేడే సెలవూ పోతే మిగిలేవి ఇరవై ఆరే. అంటే నెలంతా రాలేదన్నమాట. పంతొమ్మిదేళ్ళుగా ఆ బజారు ఊడుస్తున్న మనిషి, అంతకుముందు తల్లి ఊడ్చిన బజారే ఊడుస్తున్న మనిషి, నెలంతా రాకపోతే ఆ చెత్తంతా ఎవరెత్తారని అడగడానికి ఆఫీసులో ఒక్కరికీ నోరు రాలేదు.

ఆమె పని తీరు చెప్పాలి. చర్చి గంట ఐదు కొట్టేసరికి హాజరు వేసే మస్టరు పాయింటు దగ్గర ఉంటుంది. జట్టులో మిగతా పదముగ్గురు ఆడవాళ్ళూ చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోలో ఐదూ నలభైకి దిగుతారు. కృపామణి ఇల్లు పక్క సందులోనే. పైగా ఆరు దాటితే కూరగాయల బళ్ళూ లారీలూ వచ్చి పడతాయి, ఇక చీపురు ఆనించడానికి జాగా ఉండదు. అందుకని ఎవరూ అడగకపోయినా ఐదుకే వస్తుంది, పదకొండుకి డ్యూటీ దిగుతుంది. మే నెల నుంచి పుస్తకంలో సంతకం తీసేసి, ఫోనుకి ముఖం చూపించి మస్టరు వేయమన్నారు. సరేనని వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి ముఖం చూపించింది. ఫోను రోజూ పచ్చటి టిక్కు పెట్టి, ఐదూ ఐదు అని టైము కూడా చూపించింది.

మెమో పట్టుకుని ఆఫీసుకి వెళితే శానిటరీ ఇన్‌స్పెక్టర్ నాగేశ్వరరావు రిపోర్టు కాగితం ఆమె ముందుకు తోశాడు. అందులో ఇంచుమించు ప్రతి రోజూ ఒకటే వరస. వెళ్ళింది పొద్దున ఐదున్నరకి, వచ్చింది రాత్రి పదకొండూ ముప్పై అయిదుకి. రాకముందే వెళ్ళిపోయిన మనిషికి కంప్యూటరు హాజరెలా వేస్తుందని ఆయన ప్రశ్న. రాత్రిపూట ఇంట్లో కూర్చుని ఫోనులో ముఖం కొట్టి, తెల్లారి హాయిగా పడుకుంటున్నావని నింద కూడా వేశాడు. సాక్ష్యంగా ఆ ఫొటోలే చూపించాడు. అన్నిట్లోనూ ఆమె వెనక చీకటే ఉంది.

కృపామణికి ఒళ్ళు మండింది. తెల్లారకముందు లేచి ఊరి పెంట ఎత్తడమే నేరమైంది, ఆ చీకటే సాక్ష్యమైంది. ఏడో తరగతి చదివిన మనిషి, చూసిందాన్ని చూసినట్టు చెప్పగల మనిషి. ఫొటోలో తన భుజం వెనక బాలశౌరి టీ కొట్టు పొయ్యి మండుతోంది, పక్కన పాల ట్రేలున్నాయి. వేలు పెట్టి చూపించింది.

"రేతిరి పదకొండున్నరకి టీ పొయ్యి ఎవురు వెలిగిత్తారు సార్? పాలబండి ఏ టయానికి వచ్చిద్దో తమరికి తెలవదా?"

తెలియదు. ఆయన ఏనాడూ ఆ వేళకి లేవలేదు.

మిగతా వాళ్ళ వరస చూపించమంది. ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నా, కంప్యూటర్ ఆపరేటర్ మానస తెరిచింది. అందరూ హాజరే. కానీ వాళ్ళు వచ్చిన టైము రాత్రి పన్నెండూ పది అని ఉంది.

"ఏమ్మా, మావోళ్ళ ఆటో నడిరేతిరి వచ్చిందా?" అంది కృపామణి.

మానస కుర్చీలో ముందుకి జరిగింది. ఐదూ నలభై పన్నెండూ పదైంది, పదకొండు ఐదున్నరైంది, ఐదూ ఐదు ముందురోజు రాత్రి పదకొండూ ముప్పై అయిదైంది. వేళ్ళు మడిచి లెక్కేస్తే, ఎటు చూసినా ఐదున్నర గంటలే తేడా.

మానస చెప్పిందిది. ఫోను మన టైము చూపిస్తుంది గాని, పంపేటప్పుడు దాన్ని గ్రీనిచ్ టైములోకి మార్చి డేటాబేసులో దాస్తుంది. దాయడం తప్పు కాదు, లోకమంతా అలాగే దాస్తారు. తిరిగి తీసేటప్పుడు ఐదున్నర గంటలు కలపాలి. ఈ రిపోర్టు తీసే ప్రోగ్రాము రాసినవాడు అది మర్చిపోయాడు. తేదీ కూడా అక్కడిదే తీసుకున్నాడు. అందుకే ఐదున్నరలోపు వేసిన మస్టరంతా నిన్నటి లెక్కలోకి పోయింది, ఇవాళ్టి లెక్కలో వెళ్ళడం ముందూ రావడం వెనకా అయింది. ఐదున్నర దాటాక వచ్చినవాళ్ళకి వరస చెడలేదు గనక ఎవరూ పట్టించుకోలేదు.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఈ యంత్రం దగ్గర ఆలస్యమే అమృతం.

తప్పు బయటపడ్డాక తలొంచుకోవాలా వద్దా? నాగేశ్వరరావు తల ఎత్తి పంచాంగం తీశాడు. శాస్త్రం ప్రకారం సూర్యోదయం అయితేనే కొత్త రోజట, అంతకుముందు ఏం చేసినా నిన్నటి ఖాతాలోకే వెళుతుందట, కంప్యూటరుకి ఆ మాత్రం శాస్త్రం తెలుసట. మానస నవ్వు ఆపుకుంది. కృపామణి ఆపుకోలేదు, నవ్వలేదు కూడా.

"అట్టయితే రేపట్నుంచి నిన్నటి చెత్తే ఎత్తుతా సార్. ఇయ్యాల్టిది తమరి గుమ్మం ముందే ఉంటది."

ఆ ప్రోగ్రాము చేసిచ్చిన కంపెనీకి ఫోను చేశారు. సరిచేయడానికి రెండు వారాలు పడుతుందని, అప్పటిదాకా ఐదున్నర దాటాకే మస్టరు వేయమనండని వాళ్ళు సలహా ఇచ్చారు. అంటే మర్చిపోయినవాడు హాయిగా ఉండాలి, పొద్దున్నే లేచేవాళ్ళు మాత్రం వాడి మతిమరుపుకి తగ్గట్టు బతుకు మార్చుకోవాలి. ఇదీ మన న్యాయం. కృపామణి ఐదుకే వచ్చి ఊడ్చింది, ఐదూ ముప్పై రెండుకి చీపురు గోడకానించి ముఖం చూపించింది. ఆ అరగంట పని ఎవరి లెక్కలోనూ లేదు.

మూడో రోజు మళ్ళీ పిలిచి, మెమో రద్దు చేస్తున్నట్టు కాగితం ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకుపొమ్మన్నాడు నాగేశ్వరరావు. ఇంకొకరైతే బతుకు జీవుడా అని పెట్టేసేవారు. కృపామణి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'సదరు కార్మికురాలి తప్పిదమును ఈ పర్యాయమునకు మన్నించి' అన్న చోట ఆగింది.

కలాన్ని బల్ల మీద పెట్టేసింది.

ఆయన బతిమాలాడు, బెదిరించాడు, అది ఆఫీసు భాష, అందరికీ అలాగే రాస్తామన్నాడు. పేరు జాబితాలో ఉంటే చాలదా, ఒక ముక్క కోసం ఇంత రాద్ధాంతమా అన్నాడు. ఆ జాబితాలో పేరు పోతే ఆమెకి ఇంకో దారి లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా కదల్లేదు.

"తప్పు చేసిందెవురు సార్, మన్నించేదెవురు? పందొమ్మిదేళ్ళలో ఒక్క పూట ఎగ్గొట్టలా. ఈ కాయితం తీసుకుంటే ఆ తప్పు నేను ఒప్పుకున్నట్టే. మన్నించాలంటే నేను మన్నించాల. అది ఇంకా అనుకోలా."

 మానస ఎవరూ అడక్కుండానే కాగితం తిరగరాసి ప్రింటు తీసింది. అందులో తప్పు సాంకేతిక లోపమని ఉంది, మన్నింపు లేదు. నాగేశ్వరరావు ముఖం పక్కకి తిప్పుకుని సంతకం చేశాడు.

కృపామణి రెండుసార్లు చదివి, ముట్టినట్టు సంతకం పెట్టింది. కింద తేదీ, సమయం అని రెండు గళ్ళున్నాయి. తేదీ వేసింది. గోడ గడియారం వంక చూసి, ఒత్తి ఒత్తి రాసింది: పగలు పన్నెండు, మా ఊరి టైము.